పరుగెత్తే ఆటలు, దూకే ఆటలు: మీ ప్రశ్నలకు జవాబులు

ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా బ్రౌజర్ తెరిచి వెంటనే ఆడుకునే ఆటల మీద ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. అందులోనూ ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతూ, గుంతలు దూకుతూ, ముళ్ళు తప్పించుకుంటూ పోయే ఆటల గురించే ఎక్కువ. తెనాలిలో నెట్ సెంటర్ నడిపిన రోజుల నుంచీ నాకు ప్రాణమైన ఆటలివి. మీ ఉత్తరాల్లో చాలావాటిని తిప్పితిప్పి చదివితే అడుగుతున్నది ఒకటే: "నేనెందుకు పడిపోతున్నాను?" మంచి ప్రశ్న. ఒక్కోసారి కారణం మన వేలు, ఒక్కోసారి కీబోర్డు, ఒక్కోసారి ఆట తయారుచేసినవాళ్ళు. ఏదో తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను రిటైరైన పోస్టుమాస్టర్‌ని. నెట్ పోయినప్పుడు క్రోమ్‌లో వచ్చే డైనోసార్ ఆట మా మనవడు నేర్పాడు. ముళ్ళచెట్లు బాగానే దాటుతున్నాను. పక్షులు మొదలయ్యాక మాత్రం నిలవలేకపోతున్నాను. వాడేమో రెండు వేల పాయింట్లు దాటేస్తాడు. ఈ వయసులో నాకు అంత వేగం వస్తుందంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తప్పకుండా వస్తుందండీ. ఎక్కడ ఆగిపోతున్నారో రాశారు కాబట్టి కారణం తేలిగ్గానే దొరికింది. పక్షులు సుమారు 450 పాయింట్ల దగ్గర మొదలవుతాయి. అప్పటిదాకా వచ్చేవన్నీ నేలతో పాటే కదిలే చెట్లు. పక్షి అలా కాదు. కొన్ని పక్షులు నేల కంటే కొంచెం వేగంగా వస్తాయి, కొన్ని కొంచెం నెమ్మదిగా వస్తాయి. ఏ పక్షి ఎలా రావాలో ఆట అప్పటికప్పుడు ఎంచుకుంటుంది. చెట్టుకు అలవాటైన లెక్కతోనే పక్షికీ దూకితే ఒకసారి దాటతారు, ఒకసారి తగులుతారు. మీరు పడుతున్నది అక్కడే. వయసుకు దీనితో పనిలేదు.

కంప్యూటర్‌లో పక్షి మూడు ఎత్తుల్లో వస్తుంది. బాగా పైన ఉంటే ఏమీ చెయ్యక్కర్లేదు, డైనోసార్ దాని కింద నుంచి పరుగెత్తి వెళ్ళిపోతుంది. చాలామంది కంగారుపడి దూకి, దానికే తగిలి పోతారు. మధ్య ఎత్తులో ఉంటే కింది బాణం కీ నొక్కి పట్టుకుని వంగండి. నేలకు ఆనుకుని వస్తే దూకండి. పక్షి కనిపించగానే ముందు దాని ఎత్తు చూసుకుని, తరవాత వేలు కదపండి.

ఇంకో విషయం. స్పేస్ బార్‌ని తాకి వదిలేస్తే చిన్న దూకుడు, నొక్కి పట్టుకుంటే పెద్దది. గాల్లో ఉండగా కింది బాణం నొక్కితే డైనోసార్ గబుక్కున నేలకు దిగుతుంది. ఒక చెట్టు దాటగానే మరొకటి వచ్చినప్పుడు ఇది ఎంతగానో పనికొస్తుంది. మీ మనవడికి ఇది తెలిసే ఉంటుంది, అడిగి చూడండి.

కళ్ళు డైనోసార్ మీద పెట్టకండి. అది ఎక్కడికీ పోదు, తెర మీద దాదాపు ఒకే చోట ఉంటుంది. చూపు కుడివైపు అంచు మీద ఉండాలి. వేగం పెరుగుతూనే పోతుందన్న భయం కూడా వద్దు. మొదలైనప్పుడు వేగం 6 అనుకుంటే, 13 దగ్గర అది ఆగిపోతుంది. సుమారు రెండు నిమిషాలు నిలబడితే అంతకు మించిన వేగం ఇక రాదు. పైగా వేగం పెరిగేకొద్దీ అడ్డంకుల మధ్య దూరం కూడా పెరుగుతుంది. ఒకే రకం అడ్డంకి వరుసగా రెండుసార్లకు మించి రాదు. 700 దగ్గర తెర నల్లగా మారి రాత్రి అవుతుంది. అప్పుడు తడబడేవాళ్ళు చాలామంది. రంగులు తప్ప ఇంకేమీ మారవు, అదే లయలో పోనివ్వండి.

ఈ ఆటను 2014లో క్రోమ్ డిజైన్ బృందంలోని సెబాస్టియన్ గాబ్రియెల్, అలాన్ బెట్స్, ఎడ్వర్డ్ జంగ్ తయారుచేశారు. 2018లో గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం నెలకు 27 కోట్ల ఆటలు. నెట్ సరిగా అందని, డేటా ఖరీదైన దేశాల్లోనే ఎక్కువ ఆడతారని చెబుతూ వాళ్ళు పేర్కొన్న దేశాల్లో మనదీ ఒకటి. నెట్ పోయిన కాసేపటిని కూడా ఎవరో మన కోసం ఆలోచించి నింపారంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. ఆడాలంటే నెట్ తీసెయ్యక్కర్లేదు. అడ్రస్ బార్‌లో క్రోమ్ అని ఇంగ్లిషులో రాసి, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి, డైనో అని కొట్టండి. నేరుగా తెరుచుకుంటుంది.

ప్రశ్న: అక్కా, ఇంటర్ సెకండియర్ చదువుతున్నా. మా ల్యాబ్‌లో గేమ్ ఆడేటప్పుడు ఎడమ బాణం, పై బాణం పట్టుకుని స్పేస్ కొడితే బుల్లెట్ పేలదు. కుడివైపు పోతే మాత్రం పేలుతుంది. గేమ్‌లో బగ్గా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: గేమ్ మంచిదే తమ్ముడూ, కీబోర్డు సంగతి ఇది. మామూలు కీబోర్డులో ప్రతి కీకీ విడిగా ఒక తీగ ఉండదు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీగలు పోతుంటాయి. కీ నొక్కితే ఒక అడ్డ తీగ, ఒక నిలువు తీగ కలుస్తాయి. ఏవి కలిశాయో చూసి లోపలి చిప్ అది ఏ కీయో పోల్చుకుంటుంది. రెండు కీల దాకా ఇబ్బంది లేదు. మూడు కీలు ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లా పడ్డాయనుకో, నాలుగో మూలలో ఉన్న కీ కూడా నొక్కినట్టే చిప్‌కి కనిపిస్తుంది. లేని అక్షరం పడకుండా చాలా కీబోర్డులు ఆ మూడో కీని వదిలేస్తాయి. నీ స్పేస్ అలా పోతోంది. కుడి బాణం వేరే తీగల మీద ఉంటుంది కాబట్టి అటు పోతే పేలుతోంది.

ఖరీదైన గేమింగ్ కీబోర్డు కొనమని చెప్పను. గేమ్ సెట్టింగ్స్‌లో కీలు మార్చుకునే వీలుంటే షిఫ్ట్‌ని గాని కంట్రోల్‌ని గాని పేల్చడానికి పెట్టుకో. ఈ కీలకు చాలా కీబోర్డుల్లో తీగలు విడిగా ఉంటాయి. బాణాల బదులు డబ్ల్యూ, ఏ, డీ కీలు పనిచేస్తే అవీ చూడు. ముందుగా నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు అక్షరాలు నొక్కి పట్టుకుని మూడోది కొట్టి చూస్తే ఏ జోడింపు పడుతుందో తెలిసిపోతుంది. మా నెట్ సెంటర్‌లో పిల్లలు మూల సిస్టమ్ కోసం గొడవపడేవాళ్ళు. దాని కీబోర్డులో మూడు కీలూ పడేవి. ఏ పుస్తకమూ చదవకుండానే ఆ విషయం వాళ్ళకు వేళ్ళతో తెలుసు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. రోజూ కాసేపు బ్రౌజర్‌లో మారియో లాంటి ఆట ఆడనిస్తాను. ఒకే గుంతలో మళ్ళీ మళ్ళీ పడి ఏడుస్తాడు, మౌస్ విసిరేస్తాడు. మా అత్తగారు ఈ ఆటే మాన్పించమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, తణుకు

జవాబు: మాన్పించే ముందు ఒకసారి వాడి పక్కన కూర్చోండమ్మా. ఆట ఆపకుండా, సలహా చెప్పకుండా, ఆ గుంత దగ్గర ఏం జరుగుతోందో చూడండి. వాడు పడగానే "అయ్యో" అనకుండా "ఇప్పుడు ఎందుకు పడ్డావు నాన్నా?" అని మామూలుగా అడగండి. "తొందరగా దూకేశా" అనో "అంచు దాకా పోలేదు" అనో చెప్పగలిగితే ఆ ఆట వాడికి నేర్పుతోందన్నమాట. ఆడనివ్వండి. "తెలీదు, ఊరికే చచ్చిపోయా" అంటున్నాడంటే తప్పు ఆటలో ఉండొచ్చు. ఆట మార్చండి.

ఆ తేడా ఎలా ఉంటుందో చెబుతాను. 1985లో నింటెండో నుంచి షిగెరు మియామోటో, తకాషి తెజుకా చేసిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ చూడండి. మారియో తెర ఎడమవైపు కుడికి తిరిగి నిలబడి ఉంటాడు, ముందంతా ఖాళీ. ఎటు వెళ్ళాలో ఒక్క మాట కూడా రాయకుండానే తెలిసిపోతుంది. కాసేపటికి ఒక చిన్న పుట్టగొడుగు లాంటి శత్రువు నెమ్మదిగా ఎదురొస్తాడు. తగిలితే చస్తాం, పోయింది కొద్ది సెకన్ల ఆటే కాబట్టి బాధ ఉండదు. రెండోసారి దూకుతాం. ఆ లెవెల్లో ఇంకొంచెం ముందుకు పోతే రెండువైపులా మెట్లు, మధ్యలో ఖాళీ ఉన్న కట్టడం వస్తుంది. ఆ ఖాళీలో పడినా కింద నేల ఉంటుంది, చావం. అది దాటగానే అలాంటివే మెట్లు మళ్ళీ వస్తాయి, ఈసారి మధ్యలో నిజం గుంత. ముందు భయం లేని చోట సాధన చేయించి, తరవాతే పరీక్ష పెట్టారు. నాకు ఇది ఎప్పుడు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది. ఆడేవాడి మీద అంత గౌరవం ఉండాలి.

బాగా చేసిన ఆటల్లో కంటికి కనిపించని దయ ఇంకోటి ఉంది. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళిపోయాక కూడా, సెకనులో చిన్న భాగం పాటు, దూకనిస్తాయి. తయారుచేసేవాళ్ళు దీన్ని కొయోటీ టైమ్ అంటారు. అలాగే నేలకు తగలకముందే కొంచెం తొందరపడి దూకుడు కీ నొక్కితే దాన్ని గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే దూకిస్తాయి. మనిషి కంటికీ వేలికీ మధ్య ఆలస్యం ఉంటుందని తెలిసినవాళ్ళు చేసే పని ఇది. ఉచిత సైట్లలో హడావిడిగా చేసి పెట్టిన ఆటల్లో చాలావాటికి ఇవి ఉండవు. అంచు మీదే నొక్కానని పిల్లవాడు ఏడుస్తుంటే వాడు నిజమే చెబుతున్నాడేమో. మీరే ఒకసారి ఆ గుంత దూకి చూడండి.

చచ్చాక ఎక్కడి నుంచి మొదలవుతుందో కూడా గమనించండి. ఆ గుంత ముందు నుంచే వెంటనే మొదలైతే మంచిది. లెవెల్ మొత్తం మళ్ళీ ఆడాలన్నా, మధ్యలో అరనిమిషం ప్రకటన చూడాలన్నా పెద్దవాళ్ళకే చిరాకొస్తుంది. మౌస్ విసరడానికి కారణం గుంత అయి ఉండకపోవచ్చు, దాని తరవాత వచ్చే ప్రకటన కావచ్చు.

మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారెయ్యను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఆటల వ్యసనం కూడా ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అది తిండి, బడి, స్నేహితులు అన్నీ పక్కన పెట్టి, మామూలుగా 12 నెలలైనా సాగే పరిస్థితి. ఓడి ఏడవడం అందులోకి రాదు. సమయం అయిపోయిందని మధ్యలో లాగెయ్యకుండా "ఈ లెవెల్ అయ్యాక లేద్దాం" అని ముందే చెప్పుకోండి. అత్తగారిని కూడా ఒకసారి పక్కన కూర్చోబెట్టండి. మనవడు తనకు దూకడం నేర్పుతుంటే ఆవిడ మాట మారొచ్చు.

ప్రశ్న: స్పేస్ నొక్కితే బొమ్మ దూకకుండా పేజీ కిందికి జారిపోతోంది.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఆట పెట్టె లోపల మౌస్‌తో ఒకసారి క్లిక్ చెయ్యండి. అప్పటిదాకా మీ కీలు పేజీకి పోతుంటాయి. శబ్దం రాకపోయినా చాలాసార్లు ఇదే మందు. మనం ముట్టుకోకుండా పేజీలు మోత మొదలుపెట్టకూడదని 2018లో క్రోమ్ నియమం పెట్టింది.

ప్రశ్న: 30 లెవెళ్ళు దాటాను. మా అన్నయ్య బ్రౌజర్ క్లీన్ చేశాడు, మొత్తం పోయింది. తిరిగి వస్తుందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రాదమ్మా, చాలా బాధగా ఉంది. లాగిన్ అడగని ఆటలు మీరు ఎక్కడిదాకా వచ్చారో మీ బ్రౌజర్‌లోనే దాచుకుంటాయి. సైట్ డేటా తుడిస్తే అదీ పోతుంది. ఇన్‌కాగ్నిటోలో, అంటే ఏదీ గుర్తుపెట్టుకోని బ్రౌజర్ విండోలో, ఆడితే విండో మూయగానే పోతుంది. ఇకమీదట హిస్టరీ తుడిచేటప్పుడు కుకీలు, సైట్ డేటా అన్న గడిలో టిక్ తీసెయ్యమని అన్నయ్యకు చెప్పండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఎప్పటి నుంచో ఆడుతున్న బ్రౌజర్ గేమ్ ఇందులో పిచ్చి వేగంతో పోతోంది. పాత ల్యాప్‌టాప్‌లో బాగుండేది. లోపమా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మీ తెర 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది అయి ఉంటుంది. పాతది 60. తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ బ్రౌజర్ ఆట ఒక అడుగు వేస్తుంది. ఎంత సమయం గడిచిందో చూసి అడుగు పొడవు తేల్చుకునే ఆటలకు ఏ తెరైనా ఒకటే. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లే మారుతుందని నమ్మి రాసిన ఆట మీ దగ్గర 2.4 రెట్ల వేగంతో పోతుంది. మీ చెయ్యి మొద్దుబారలేదు, నిశ్చింతగా ఉండండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళి రిఫ్రెష్ రేట్ 60 పెట్టి ఆడండి, తరవాత మార్చుకోండి.

ప్రశ్న: 2008 ప్రాంతంలో నెట్ సెంటర్‌లో ఆడిన ఆటలు ఇప్పుడు తెరిస్తే బూడిదరంగు పెట్టె వస్తోంది. అవి ఇక లేనట్టేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉన్నాయండీ, చాలావరకు ఉన్నాయి. అవి ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసినవి. అడోబీ కంపెనీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఆటల్ని అడ్డుకోవడం మొదలుపెట్టింది. అయితే ప్రేమ ఉన్నవాళ్ళు ఊరుకోలేదు. రఫుల్ అనే ప్రోగ్రాం పాత ఫ్లాష్ ఫైళ్ళను ఇప్పటి బ్రౌజర్లలో నడిపిస్తుంది. పాత వెబ్ పేజీలు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్ 2020 నవంబర్ నుంచి దాని సాయంతోనే పాత ఆటలు ఆడనిస్తోంది. ఫ్లాష్‌పాయింట్ అని ఇంకో సేకరణ ఉంది, దాన్ని మాత్రం డౌన్‌లోడ్ చేసుకోవాలి. వెతికేటప్పుడు "ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్" అని మెరిసే బటన్లు ముట్టుకోకండి. అసలు కంపెనీయే ఇవ్వడం మానేసిన దాన్ని ఇస్తామనేవాళ్ళని నమ్మకూడదు.

దొరికితే 2009లో ఆడం సాల్ట్స్‌మన్ చేసిన కనబాల్ట్ ఆడండి. ఒకే ఒక్క బటన్. కిటికీ పగలగొట్టుకుని బయటపడ్డ మనిషి మేడల మీదుగా పరుగెత్తుతుంటాడు. దారిలో పెట్టెలకు తగిలితే వేగం తగ్గుతుంది, కొన్నిసార్లు అదే మనల్ని కాపాడుతుంది, కావాలని తగలొచ్చు. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 2012లో మొదటిసారి 14 ఆటల్ని తన సేకరణలో చేర్చుకున్నప్పుడు అందులో ఇదీ ఉంది. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడిన ఆటకు అలాంటి చోట స్థానం దక్కిందని మీ తరానికి గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ప్రశ్న: ఈ ఆటల్లో కాయిన్లు ఏరుతుంటాడు మా వాడు. ఇది జూదం కిందికి వస్తుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: తెర మీద కాయిన్లు ఏరడం జూదం కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి ఆపినవి డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల్ని. ఆట ఎక్కడైనా యూపీఐ గాని, కార్డు నంబరు గాని అడిగితే మాత్రం వెంటనే మూసెయ్యండి.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. నాకు ఇలాంటి ఆట చెయ్యాలని ఉంది. కోడింగ్ రాదు. బొమ్మలు బాగా గీస్తాను. ఎలా మొదలుపెట్టాలి మేడమ్?
– ఒక విద్యార్థిని, ఆదిలాబాద్

జవాబు: ఎంత మంచి ఆలోచన తల్లీ! పిల్లలు కోడింగ్ నేర్చుకునే స్క్రాచ్‌తో మొదలుపెట్టు. అమెరికాలోని ఎమ్ఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో విడుదల చేశారు. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవడమే, టైపింగ్ తక్కువ.

బొమ్మలు బాగా గీస్తానన్నావు కాబట్టి ఒక కష్టమైన మాట చెబుతున్నాను: మొదట బొమ్మలు గీయకు. ఒక నల్ల చతురస్రం, కింద ఒక గీత, అంతే చాలు. ఆ చతురస్రం దూకడం బాగుండాలి. దానికి ఒక వేరియబుల్, అంటే మారే అంకెను దాచుకునే డబ్బా, చేసుకో, "పైకి వేగం" అని పేరు పెట్టు. స్పేస్ నొక్కితే అది 12 కావాలి. ప్రతి ఫ్రేములో, అంటే తెర మీద బొమ్మ మారే ప్రతిసారీ, బొమ్మ ఆ వేగమంత పైకి కదలాలి, వేగంలోంచి 1 తగ్గుతూ ఉండాలి. సున్నా దాటి మైనస్‌లోకి పోగానే బొమ్మ కిందికి వస్తుంది. గీతను తాకితే వేగం సున్నా. నువ్వు సైన్స్‌లో చదివే గురుత్వాకర్షణ ఇదే. 12ని 15 చెయ్యి, 1ని 2 చెయ్యి, ప్రతిసారీ దూకి చూడు. బరువుగా ఉందా, బెలూన్‌లా ఉందా అన్నది నీ వేలే చెబుతుంది.

అది నచ్చాక ఒక గుంత పెట్టు, దాటాక ఒక ముల్లు పెట్టు. ఒక్క తెర చాలు, నేల కదిలే ఏర్పాటు తరవాత చేసుకోవచ్చు. అప్పుడు మీ ఇంట్లో ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్ళ చేతికివ్వు. ఎలా ఆడాలో చెప్పకు, పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చో. వాళ్ళు ఎక్కడ పడ్డారో రాసుకో. పడినప్పుడు "నా తప్పే" అన్నారా, "ఇదేంటి?" అన్నారా, అదీ రాసుకో. "ఇదేంటి?" అన్న చోటల్లా నువ్వు మార్చాల్సిన చోటు. అవన్నీ సరిచేశాక నీ రంగు పెన్సిళ్ళు తియ్యి.